తప్పు చెప్పే వంతు

నీళ్ల తొట్టిలో ఏమేం వెయ్యాలో తేల్చుకోవడానికి బాలవాడి టీచర్ గలేనాకి ఆదివారమంతా పట్టింది. బెండు వద్దు, అది తేలుతుందని ఐదేళ్ల పిల్లలందరికీ తెలుసు. మేకు వద్దు, అది మునుగుతుందనీ తెలుసు. ముందే తెలిసిపోయిన వస్తువు దగ్గర పిల్లలు ఆలోచించరు, అప్పజెబుతారు. వంటింటి బల్ల మీద గిన్నె పెట్టుకుని, చేతికందిన ప్రతిదీ వేసి చూసింది. చివరికి ఆరు మిగిలాయి: ఆపిల్, బంగాళదుంప, కొవ్వొత్తి ముక్క, గోరంత గులకరాయి, మూత బిగించిన మందు సీసా, పచ్చి కోడిగుడ్డు. గోరంత రాయి మునిగి, గుప్పెడంత ఆపిల్ తేలితే, "బరువైనవి మునుగుతాయి" అన్న మాట పిల్లల నోట్లోనే ఆగిపోవాలి. ఆగాక వాళ్లేమంటారో వినడానికే ఆ పాఠం.

పాఠం ప్లాను నాలుగు గడుల్లో రాసింది. పిల్లలు ముందుగా ఊహించి, తమ పేరున్న అట్టముక్కని నీలం గుడ్డ మీదో పసుపు గుడ్డ మీదో పెట్టాలి. నీలమంటే మునుగుతుందని, పసుపంటే తేలుతుందని. తర్వాత వస్తువుని వాళ్లే నీళ్లలో వెయ్యాలి. ఊహ తప్పినవాళ్లు అట్టముక్క మార్చుకోవచ్చు, మార్చుకోకుండా వాదించనూ వచ్చు. మూడో గడిలో ఒకచోట, "ఇక్కడ నేను మాట్లాడను, నాలుగు నిమిషాలు" అని రాసుకుంది.

సోమవారం పొద్దున డైరెక్టరు వ్యారా స్తొయిమెనోవా ఆ వాక్యాన్ని ఎర్ర కలంతో కొట్టేసింది.

"నేను మాట్లాడను! ఇదేం పాఠం గలేనా? గురువారం కమిషన్ వచ్చి కూచుంటే, నువ్వు నోరు మూసుకుని నుంచుంటావా?"

"పిల్లలు మాట్లాడుకోవడానికి మేడమ్. నేను నోరు తెరిస్తే వాళ్లు నా మొహం చూస్తారు. ఆలోచించరు."

"నాలుగు నిమిషాల్లో కమిషన్‌కి నిద్రొస్తుంది."

డాన్యూబ్ నది ఒడ్డున ఆ చిన్న ఊళ్లో ఉన్న బాలవాడులు మూడే. ఏటా జిల్లా కమిషన్ వాళ్లు ఒకదాన్ని ఆదర్శ బాలవాడిగా ఎంచి, అక్కడి పాఠాన్ని జిల్లా అంతటికీ పంచుతారు. ఈసారి అది తమదే కావాలని స్తొయిమెనోవా పట్టు. ఆమె ప్లాను పక్కన తెల్లకాగితం పెట్టుకుని గీతలు గీసి, నిమిషాల అంకెలు వేసింది.

"పదకొండో నిమిషంలో పిల్లలు తప్పు చెప్పాలి. పద్దెనిమిదో నిమిషంలో కనిపెట్టాలి. ఆపిల్ మునుగుతుందని మార్టిన్ అంటాడు. 'నాకలా అనిపించట్లేదు, ప్రయత్నించి చూద్దామా?' అని రలీత్సా అంటుంది. తేలుతుంది. అందరూ కలిసి, 'అయ్యో, మనం పొరబడ్డాం!' అంటారు. చూశావా, జ్ఞానాత్మక వికాసం అంటే ఇది. కళ్లకి కట్టాలి."

"తప్పు వాళ్లంతట వాళ్లే చెప్తారు మేడమ్. చెప్పించక్కర్లేదు."

"వాళ్లంతట వాళ్లు చెప్తే ఎవరు, ఎప్పుడు, ఏం చెప్తారో ఎవరికి తెలుసు?" అంది స్తొయిమెనోవా, ఎంతో ఓపిగ్గా. "డిసెంబరుతో నీ కాంట్రాక్టు అయిపోతుంది కదూ? మంచి పాఠం ఒకటి చేతిలో ఉంటే నీకే పనికొస్తుంది."

గలేనా కాగితం తీసుకుంది. ఎర్ర సిరా ఇంకా ఆరలేదు, బొటనవేలికి అంటుకుంది. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతున్నప్పుడు ఆ కాగితాన్ని చూస్తూ ఎవరెవరికి ఏ మాట ఇవ్వాలో పేర్లు రాసింది. రాసిన మాటలు తనకే నచ్చలేదు. రాయడం మాత్రం ఆపలేదు.

*

మంగళవారం మొదటి రిహార్సలు. మింకా పిన్ని వెచ్చటి నీళ్లు బక్కెట్లతో తెచ్చి తొట్టి నింపింది. ఆమె ఆ గది ఆయా. వయసు అరవైకి దగ్గర పడింది. పిల్లలూ టీచర్లూ అందరూ ఆమెని పిన్ని అనే పిలుస్తారు. గుడ్డతో నేల మీది చుక్కలు తుడిచి, గోడకి ఆనుకుని నుంచుంది. ఇరవై మూడు మంది పిల్లలు చెప్పులు విడిచి, అల్లిన మేజోళ్లతో చాప మీద అర్ధచంద్రంలా కూచున్నారు. స్తొయిమెనోవా వెనక కుర్చీలో, చేతి గడియారం విప్పి ఒళ్లో పెట్టుకుని కూచుంది.

మార్టిన్ తన తప్పుని తడుముకోకుండా చెప్పాడు. డాక్టరుగారి అమ్మాయి రలీత్సా, "నాకలా అనిపించట్లేదు," అంటూ బుగ్గన వేలు కూడా పెట్టుకుంది. అది ఎవరూ నేర్పలేదు.

"శభాష్!" అంది వెనకనుంచి స్తొయిమెనోవా. "ఆ వేలు గురువారం కూడా పెట్టు."

గుడ్డు వంతు వచ్చింది. కాగితం ప్రకారం అందరూ నీలం గుడ్డ వైపు వెళ్లాలి. ఇరవై రెండు మంది వెళ్లారు. సెవ్దా ఒక్కత్తే తన అట్టముక్క తీసుకెళ్లి పసుపు గుడ్డ మీద పెట్టింది. రైలు పట్టాల అవతలి పేట నుంచి వచ్చే పిల్ల. ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. అట్టముక్క పెట్టాక, అంచు గుడ్డ గీతకి సరిగ్గా వచ్చేలా వేలితో జరిపింది.

"సెవ్దా, గుడ్డు ఏమవుతుంది?" అంది గలేనా.

"తేలుతుంది."

"కాదమ్మా," అంది వెనకనుంచి స్తొయిమెనోవా. "మునుగుతుంది. చెప్పు, మునుగుతుంది."

సెవ్దా ఆమె వైపు తిరిగి చూసింది, మళ్లీ తొట్టి వైపు చూసింది. "తేలుతుంది," అంది.

గలేనా గుడ్డుని నీళ్లలో వదిలింది. అది నెమ్మదిగా, ఒక పక్కకి ఒరుగుతూ, తొట్టి అడుక్కి దిగి ఆగింది. పిల్లలు 'ఓ' అన్నారు. సెవ్దా మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి, తొట్టి అంచు పట్టుకుని అడుక్కి చూసింది. నీళ్లలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"మా బామ్మ దగ్గర తేలింది," అంది.

"మీ బామ్మ దగ్గర మురిగిపోయిన గుడ్లుంటాయేమో," అంది స్తొయిమెనోవా. "మురిగిన గుడ్లే తేలతాయి."

పిల్లలు నవ్వారు. మార్టిన్ ముక్కు మూసుకున్నాడు. అది చూసి పక్కవాడు మూసుకున్నాడు. అలా ఆ చివరిదాకా అందరూ ముక్కులు మూసుకుని, "మురుగ్గుడ్డు, మురుగ్గుడ్డు" అని పాటలా అందుకున్నారు. స్తొయిమెనోవా ఆపలేదు. గడియారం చూసుకుని, "ఇక్కడ నిమిషమున్నర పోయింది," అంది.

"చాలు! ఆపండి!" అని గలేనా అరిచింది. అరిచాక చూస్తే సెవ్దా తన చోట్లో లేదు. మేజోళ్లు పెట్టుకునే అలమర పక్కన, గోడ వైపు తిరిగి కూచుంది. ఏడవడం లేదు. వేలు ఇంకా నోట్లోనే ఉంది.

మధ్యాహ్నం స్తొయిమెనోవా తన గదిలోకి పిలిచి ఒక ఫారం ముందుకు తోసింది. పిల్లని ప్రత్యేక పరీక్షకి పంపమని సిఫారసు. పై భాగం అప్పటికే టైపు చేసి ఉంది: కారణానికీ ఫలితానికీ సంబంధం గ్రహించలేదు, కళ్లెదుట చూసిన దాన్ని ఒప్పుకోదు, గుంపు పనిలో ఇమడదు.

"ఇది ఒక్క గుడ్డు విషయం మేడమ్."

"ఒక్క గుడ్డు కాదు. సెప్టెంబరు నుంచి చూస్తున్నా. పట్టాల అవతలి పిల్లలు నలుగురున్నారు, ముగ్గుర్ని ఎలాగో నెట్టుకొస్తున్నాం. దీన్ని పక్క పట్నంలో ప్రత్యేక పాఠశాలకి పంపితే దానికే మంచిది. అక్కడ దానికి తగ్గవాళ్లుంటారు. పైగా కమిషన్‌కి నేనిచ్చే నివేదికలో, వెనకబడిన పిల్లని ముందే పసిగట్టామని ఒక మాట పడుతుంది. పిల్లని రోజూ చూసే టీచర్ సంతకమే చెల్లుతుంది, నాది చెల్లదు. పెట్టు."

గలేనా ఫారం రెండోసారి చదివింది. అందులో విడిగా చూస్తే అబద్ధమని పట్టుకోగల వాక్యం ఒక్కటీ లేదు. ప్రతిదీ ఆ పొద్దున జరిగిందే. అదే ఒళ్లు జలదరించేలా ఉంది. కలం తీసుకుని సంతకం పెట్టింది.

"రేపు వాళ్లింటికెళ్లి, గురువారం పిల్లని పంపొద్దని చెప్పిరా," అంది స్తొయిమెనోవా, ఫారం సొరుగులో పెట్టుకుంటూ. "మెత్తగా చెప్పు. నీకు మెత్తగా మాట్లాడ్డం బాగా వచ్చు."

*

బుధవారం మూడు గంటలకి గలేనా పట్టాలు దాటింది. ఇంటి ముందు మట్టి చదునులో సెవ్దా బామ్మ తోతా, నీలం ప్లాస్టిక్ పీపా పక్కన పీట మీద కూచుని క్యాలీఫ్లవర్ రెమ్మలు విరుస్తోంది. చుట్టూ పచ్చి టమాటాలు, క్యారెట్లు, కొత్తిమీరలాంటి ఆకుల కట్టలు. సెవ్దా గడప మీద కూచుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. టీచర్ని చూసి లేచి నుంచుంది, దగ్గరికి రాలేదు.

"రా టీచరమ్మా, కూచో. చేతులు తడిగా ఉన్నాయి, ఏమనుకోకు," అంది తోతా. "చూడు, ఏటా ఊరగాయ నీళ్లు కలిపేటప్పుడు గుడ్డు వేసేది ఇదే. రెండేళ్లప్పట్నుంచీ అంతే. ఇది వేస్తేనే నాకు ఉప్పు కుదిరిందని నమ్మకం. ఈసారి ముట్టుకోనంటోంది. ఏమైందే అంటే చెప్పదు. బళ్లో ఏమన్నా అన్నారా దీన్ని?"

గలేనా చూపు తిప్పుకుంది. పీపా పక్కన వెడల్పాటి గంగాళంలో ఉప్పునీళ్లున్నాయి. తోతా ఇంకో గుప్పెడు ఉప్పు వేసి, చెక్క గరిటెతో మెల్లగా తిప్పింది. నీళ్లు తేరుకునేదాకా ఆగింది. పళ్లెంలో ఉన్న గుడ్డు తీసి వదిలింది. అది మునిగి, సగం దూరంలో ఆగి, తిరిగి పైకొచ్చి ఊగింది. తెల్లటి పెంకు నాణెమంత మేర నీళ్లపైన కనిపించింది.

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అంది తోతా.

గలేనా ఆ నాణెమంత పెంకునే చూస్తూ నిలబడిపోయింది. వాళ్లమ్మ కూడా ఇదే చేసేది. ఎర్ర ఎనామిల్ గిన్నె, బాల్కనీ, అమ్మ తడి చేతులు, "నాణెమంత కనపడాలి" అన్న అమ్మ గొంతు. ఆదివారమంతా గిన్నె పెట్టుకుని కూచుని, ఆ సంగతి ఒక్క క్షణం కూడా తనకి తట్టలేదు. పిల్ల వేలు ముంచి నాకి చూసింది. ఉప్పు ఉందా లేదా అని చూసింది. ఆ గదిలో ఉన్న వాళ్లందరిలో ఒక్క ఆ పిల్లే పరీక్ష చేసింది.

చెప్పాల్సిన మాట ఆ క్షణంలో ఆమె నోటి దగ్గరికి వచ్చింది. పిల్లదే ఒప్పు, మాదే తప్పు. అదొక్కటే. కానీ వచ్చింది వేరే.

"రేపు సెవ్దాని పంపొద్దు అవ్వా."

తోతా చెయ్యి ఆగింది. "దానికి జబ్బేం లేదే."

"రేపు పెద్దవాళ్లొస్తున్నారు. కమిషన్."

"వస్తే?"

"చోటు సరిపోదు."

తోతా ఆమె మొహంలోకి చూసింది. కోపంగా కాదు, ఇంతకుముందు చాలాసార్లు చూసిన వస్తువుని మళ్లీ చూస్తున్నట్టుగా. తర్వాత గుడ్డుని నీళ్లలోంచి తీసి, ఒళ్లోని గుడ్డతో తుడిచి పళ్లెంలో పెట్టింది.

"సరే," అంది. "చోటు సరిపోదు."

గడప మీద సెవ్దా వెల్లుల్లి రెబ్బ చేతిలో పట్టుకుని ఆ మాట వింది.

తిరిగొచ్చేసరికి బాలవాడిలో మింకా పిన్ని ఒక్కతే ఉంది, చాపలు దులుపుతోంది. గలేనా కోటు విప్పకుండానే అడిగింది.

"పిన్నీ, ఉప్పునీళ్లలో గుడ్డు తేలుతుందని నీకు తెలుసా?"

"అదేం ప్రశ్న? మా ఇంట్లో అరవై లీటర్ల పీపా ఉంది."

"మరి నిన్న గోడకానుకుని నుంచున్నావ్ కదా. ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరడిగారమ్మాయ్?" అంది మింకా, చాప మడుస్తూ. "నన్ను అడిగేది సబ్బు అయిపోయిందా అని."

"డైరెక్టరమ్మకి తెలీదేమో."

మింకా నవ్వింది. చాప కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఆవిడ పీపాకి ఉప్పు కలిపేది ఎవరనుకున్నావ్? ఏటా నవంబరులో నేనే వెళ్తా. అరగంటకోసారి బాల్కనీలోకొచ్చి, 'గుడ్డు తేలిందా మింకా, ఇంకా తేల్లేదా' అని ప్రాణం తీస్తుంది. ఆవిడకి తెలీకపోవడమేంటి!"

గలేనా అక్కడున్న చిన్న కుర్చీలో, పిల్లల కుర్చీలో, కూలబడింది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. తెలియక అన్న మాటైతే ఏదోలా మింగొచ్చు. అందరికీ తెలుసు. డైరెక్టరుకి తెలుసు, ఆయాకి తెలుసు, తనకీ తెలుసు. రలీత్సా వాళ్లమ్మకీ మార్టిన్ వాళ్ల నాయనమ్మకీ తెలుసు. ఊరంతా నవంబరులో గుడ్డు తేలేస్తుంది. ఆ తెలివి బాలవాడి గడప దాటి లోపలికి వచ్చేసరికి మాత్రం మురుగ్గుడ్డు అయిపోయింది.

ఆమె లేచి, కుళాయి దగ్గరికెళ్లి నోరు పుక్కిలించుకుంది.

*

గురువారం పాఠం గడియారంలా నడిచింది. పదకొండో నిమిషంలో మార్టిన్ తప్పు చెప్పాడు. రలీత్సా బుగ్గన వేలు పెట్టుకుంది. పద్దెనిమిదో నిమిషంలో ఇరవై రెండు గొంతులు కలిసి, "అయ్యో, మనం పొరబడ్డాం!" అన్నాయి. గలేనా తనకిచ్చిన మాటలు చెప్పింది, తనకిచ్చిన చోట నవ్వింది. నవ్విన ప్రతిసారీ చెంపలు జిగురు పూసినట్టు బిగుసుకున్నాయి. సెవ్దా అట్టముక్కని బల్ల మీంచి ఎవరో ముందే తీసేశారు.

కమిషన్‌లో నలుగురున్నారు. వాళ్లకి పెద్ద జ్లాతెవా అనే ఆవిడ, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, కళ్లజోడు తల మీదికి నెట్టుకుని కూచుంది. పాఠం అయ్యాక చప్పట్లు కొట్టి, సరదాకి, అతిథుల పళ్లెంలోంచి ఒక నారింజ తీసి పైకి పట్టుకుంది.

"మరి ఇది? ఇదేమవుతుంది పిల్లలూ?"

పిల్లలు నారింజ వంక చూడలేదు. ముందు గలేనా వంక, తర్వాత వెనకనున్న స్తొయిమెనోవా వంక చూశారు. కాసేపటికి రలీత్సా చెయ్యెత్తింది.

"టీచర్, ఇది నాకివ్వలేదు," అంది. "దీనికి సరిగ్గా చెప్పాలా, తప్పు చెప్పాలా?"

అతిథులు ఒక్కసారిగా నవ్వారు. స్తొయిమెనోవా అందరికంటే గట్టిగా నవ్వింది. జ్లాతెవా కూడా నవ్వింది, "ఎంత తెలివైన పిల్ల!" అంది. నారింజని నీళ్లలో వెయ్యలేదు. జేబులో పెట్టుకుంది.

పిల్లలు ఆటస్థలంలోకి వెళ్లాక గలేనా అలమర దగ్గర నుంచుని, గోడకి కాగితం ఆనించి రాసింది. నాలుగు వాక్యాలే రాసింది. సెవ్దా మీద నేను సంతకం పెట్టిన సిఫారసు నిజం కాదు. పిల్ల తాను ఇంట్లో చూసిన దాన్ని సరిగ్గా గుర్తుపెట్టుకుంది, నీళ్లని రుచి చూసి తేడా ఎక్కడుందో వెతికింది. అర్థం చేసుకోలేకపోయింది టీచరే. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

జ్లాతెవా కారిడారు చివర కిటికీ దగ్గర ఉంది. నారింజ ఒలుచుకుని తింటోంది. తొక్కలు కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది. గలేనా కాగితం చాపింది. ఆవిడ తడి వేళ్లతో ముట్టుకోకుండా, మెడ వంచి చదివింది.

"అమ్మాయ్, ఇవాళ మంచి పాఠం చెప్పావ్," అంది. "చేతులారా పాడుచేసుకోకు."

"అది పాఠం కాదు. మీకూ తెలుసు."

"తెలుసు." ఆవిడ ఇంకో తొన నోట్లో వేసుకుంది. "ముప్పై ఏళ్లుగా తెలుసు. నా బళ్లో పిల్లలు కూడా ఎప్పుడు తప్పు చెప్పమంటే అప్పుడు చెప్పేవాళ్లు. అలా చెప్పించే ఇక్కడిదాకా వచ్చా." గింజని అరచేతిలోకి ఉమ్మి, చూసి, తొక్కల పక్కన పెట్టింది. "ఆ నారింజ వేసి ఉంటే ఏమయ్యేదో నేనూ చూళ్లేదు చూశావా!"

"తేలుతుంది," అంది గలేనా. "తొక్క తీస్తే మునుగుతుంది."

జ్లాతెవా నమలడం ఆపి, వరసగా ఉన్న తొక్కల వంక చూసింది. మొహం కొంచెం ముడుచుకుంది.

"ఈ కాగితం నా చేతికివ్వకు," అంది. "చేతికిచ్చినవి పోతాయి. నేనే పోగొడతానేమో కూడా. కింద గుమాస్తా దగ్గర తేదీ వేయించి, నంబరు వేయించు. నంబరు పడ్డదాన్ని చింపడానికి వీళ్లకి ధైర్యం చాలదు."

గలేనా కిందికి వెళ్లింది. గుమాస్తా కాగితం తిరగేసి చూసి, ముద్ర మీదికి ఊది, నొక్కి కొట్టింది. ఆ చప్పుడుకి పక్క గది తలుపు తెరుచుకుంది.

స్తొయిమెనోవా కాగితం చదివింది. మొహంలో ఏ మార్పూ లేదు. కళ్లజోడు తీసి తన ఖరీదైన మెడ గుడ్డ చివరతో మెల్లగా తుడుచుకుంది.

"ఒక్క పిల్ల కోసమా?" అంది.

"పిల్ల కోసం కాదు మేడమ్. నాకు రోత పుడుతోంది."

"నా మీదా?"

"నా మీద ఎక్కువ. సంతకం నాదే కదా."

"సోమవారం నుంచి నువ్వు పసిపిల్లల గదిలో చెయ్యి. అక్కడ గుడ్డలు మార్చడమే పని, ప్లాన్లు రాసే శ్రమ ఉండదు. డిసెంబరు తర్వాత సంగతి తర్వాత చూద్దాం. నీ చోట్లోకి వచ్చే అమ్మాయి ఆ ఫారం మీద సంతకం పెడుతుంది."

"మూడు నెలలు పిల్లని చూసిన టీచరే పెట్టాలని మీ ఫారం మీదే ఉంది," అంది గలేనా. "ఫిబ్రవరి దాకా ఎవరూ పెట్టలేరు."

స్తొయిమెనోవా కళ్లజోడు పెట్టుకుని, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ సాయంత్రం నాలుగింటికి, అందరూ కాఫీ తాగుతుండగా, జిల్లాకి ఆదర్శ పాఠంగా తమదే ఎంపికైందని కబురొచ్చింది. ప్లాను మీద గలేనా పేరే ఉంది. చప్పట్లు కొట్టిన వాళ్లలో కొందరు ఆమె భుజం తట్టారు. ఆమె భుజం దులుపుకోబోయి ఆగిపోయింది.

*

శుక్రవారం పొద్దున గేటు దగ్గర తోతా, సెవ్దా చెయ్యి పట్టుకుని నుంచుంది. లోపలికి రాలేదు.

"ఇవాళ చోటుందా టీచరమ్మా?"

"ఉంది," అంది గలేనా. "నిన్న కూడా ఉంది అవ్వా. నేను అబద్ధం చెప్పా. గుడ్డు విషయంలో మీ పిల్ల చెప్పిందే నిజం. అందరి ముందూ దాన్ని నవ్వులపాలు చేస్తుంటే చూస్తూ ఊరుకున్నా."

తోతా ఆమెని ఎగాదిగా చూసి, సెవ్దా చెయ్యి వదిలింది. క్షమించానని అనలేదు, గలేనా అడగనూ లేదు.

తొమ్మిదింటికి గలేనా పిల్లలందర్నీ కూచోబెట్టి అదే మాట చెప్పింది. టీచర్లు పొరబడ్డారని, సెవ్దా చెప్పింది ఉప్పునీళ్ల సంగతని, ముక్కు మూసుకోవడం తప్పని చెప్పింది. పిల్లలు బుద్ధిగా విన్నారు. విన్నాక, వాళ్లందరూ కలిసి ఒక్క గొంతుతో, ఎవరూ అడగకుండానే, "అయ్యో, మనం పొరబడ్డాం!" అన్నారు.

నాలుగు రోజులు. నాలుగు రోజుల్లో ఇంత బాగా నేర్చుకున్నారు. ఇంతకంటే చక్కగా తన పాఠం ఎప్పుడూ ఎవరికీ ఎక్కలేదు.

ఇవాళ ఏ ప్లానూ రాయలేదు. ఆమె వంటగదిలోకి వెళ్లింది. సాయంత్రం పిల్లలకి కాల్చిపెట్టడానికి తెచ్చిన గుమ్మడికాయ బల్ల మీద ఉంది, ముదురు నారింజ రంగుది, మింకా పిన్ని రెండు చేతులా కౌగిలించుకుంటే గానీ లేవనంతది.

"దీన్నా? నీళ్లలోనా?" అంది మింకా. "నీకు మతిపోయిందమ్మాయ్. సరే పద, ఎలాగూ సోమవారం నుంచి నువ్వు ఉచ్చగుడ్డలు ఉతుక్కుంటావ్."

పెద్ద తొట్టి నిండా నీళ్లు పోశారు. మింకా కాయని పొట్టకి ఆనించుకుని తొట్టి పక్కన నుంచుంది. పిల్లల కళ్లు పెద్దవయ్యాయి.

"వేస్తే ఏమవుతుంది?" అంది గలేనా.

ఇరవై మూడు మొహాలు గుమ్మడికాయని వదిలేసి ఆమె వైపు తిరిగాయి. నీలం గుడ్డ వైపు ఆమె కన్ను కదిలిందా, పెదవి కదిలిందా అని వెతుకుతున్నాయి. ఆమె సెవ్దాని చూసింది.

"నువ్వేమనుకుంటున్నావ్ సెవ్దా?"

"మీరేం చెప్పమంటే అది చెప్తా టీచర్," అంది సెవ్దా.

చాలా మర్యాదగా అంది. సరిగ్గా రలీత్సా గొంతుతో.

గలేనా లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, పిల్లలకి వీపు చూపించి నుంచుంది. బయట మంచు నది మీంచి పైకి వస్తోంది. ఎదురింటి బాల్కనీలో ఎవరో దుప్పటి దులుపుతున్నారు.

"టీచర్, ఇటు తిరగండి," అంది రలీత్సా.

"తిరగను."

"మరి మాకెలా తెలుస్తుంది?"

గలేనా బయటికే చూస్తోంది. వెనకాల చాప మీద కదలిక. దగ్గు. ఎవరో ఎవర్నో గిల్లినట్టున్నారు. నిమిషం గడిచింది. తిరిగి చూడాలని, నవ్వాలని, తేలిక చెయ్యాలని ఆమె మెడ లాగుతోంది. కిటికీ గట్టుని రెండు చేతులా పట్టుకుంది.

"త్వరగా తేల్చండమ్మా, నా చేతులు పడిపోతున్నాయి," అంది మింకా.

"మునుగుతుంది," అన్నాడు మార్టిన్ చివరికి. గొంతు సన్నగా ఉంది, ఎవరూ ఇవ్వని మాట. "అది మా తమ్ముడంత బరువుంది. వాడు స్నానాల తొట్టిలో మునిగాడు."

"మీ తమ్ముడు మునగలేదు, జారిపడ్డాడు. మీ అమ్మ మా అమ్మకి చెప్పింది."

"జారి పడి మునిగాడు!"

"పిన్నీ," అంది ఇంకో గొంతు. గలేనాకి ఆ గొంతు తెలుసు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని గొంతు. "దాన్ని కొంచెం కింద పెట్టండి. నేనొకసారి చూస్తా."

కాయ నేలకి ఆనిన చప్పుడు. మేజోళ్ల అడుగులు. ఆ పైన టక్, టక్ అని, వేళ్ల కణుపులతో కొట్టిన చప్పుడు. ఆగింది. మళ్లీ, ఈసారి ఇంకోచోట.

"లోపల ఖాళీగా ఉంది," అంది సెవ్దా. "వినండి."

"ఏదీ, నన్ను కొట్టనివ్వు."

"నేను ముందు!"

ఒక్కొక్కరే లేచి వస్తున్నారు. చిన్న చిన్న పిడికిళ్లు, కొన్ని గట్టిగా, కొన్ని భయంభయంగా. ఎవరో చెవి ఆనించినట్టున్నారు, "ష్" అంటున్నారు. ఖాళీ కాదు, గింజలున్నాయని ఒకరు. గింజల చుట్టూ ఖాళీ అని ఇంకొకరు. గింజలు మునుగుతాయా అని మరొకరు.

"మీ వాదన తెగేలా లేదు," అంది మింకా, కాయని మళ్లీ ఎత్తుకోబోతూ. "వేసేస్తున్నా నీళ్లలో."

"ఆగండి పిన్నీ," అంది సెవ్దా. "ఇంకా ఆలోచిస్తున్నాం."